థర్మాకోల్ విమానం, తలుపు బందు



మీరు కూర్చున్న గదికి తలుపు ఉంటుంది కదా. ఒక్కసారి లేచి, దాన్ని చిటికెన వేలితో తోసి చూడండి. కిర్రుమని సగంలో ఆగిపోయిందా? వదిలేస్తే తనంతట తానే ఊగి గోడకు కొట్టుకుందా? లేక మీరు తోసినంత మేరే కదిలి బుద్ధిగా నిలబడిందా? సరే, వచ్చి కూర్చోండి. ఈ పావుగంటా మనం ఆ తలుపు గురించే మాట్లాడుకుందాం. కాకపోతే మన తలుపు గుమ్మానికి ఉండదు. ఇంట్లో థర్మాకోల్‌తో చేసుకునే చిన్న రిమోట్ విమానం తోకకు ఉంటుంది. రెక్కకు ఉంటుంది.

నేను బళ్ళో ఫిజిక్సు చెప్పి రిటైరయినవాణ్ని. ఈ విమానాల పిచ్చి నాకు మా మేనల్లుడి వల్ల అంటుకుంది. వాడు ఇంటర్ చదివే రోజుల్లో ఒక విమానం చేశాడు. మీటరు పొడవు రెక్క. టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్. మోటారు, బ్యాటరీ, రిమోటు మాత్రం పండగ డబ్బులన్నీ దాచి కొన్నాడు. రాత్రంతా కూర్చుని రెక్క కోశాడు, రంగు కాగితం అంటించాడు, తోక మీద పేరు కూడా రాశాడు. తెల్లవారేసరికి నిద్రొచ్చింది. తోకలో కదలాల్సిన పలకను మాత్రం హడావిడిగా, పైన ఒక్క వరస సెల్లో టేపు వేసి అతికించేశాడు.

సంక్రాంతి వెళ్ళిన వారం. పొద్దున్నే మంచు విడిచాక వరి కోసిన చేలోకి వెళ్ళాం. విమానం ఎగిరింది. నిజంగా ఎగిరింది! అర నిమిషం పాటు నాకే నోటమాట రాలేదు. అప్పుడు వాడికి కాస్త గొప్పలు పోవాలనిపించింది. పైనుంచి ముక్కు కిందికి వంచి వేగంగా దింపాడు. అంతే. గాల్లోంచి ఒక చప్పుడు. బుర్ర్‌ర్‌ర్ మని. పాత పల్లెవెలుగు బస్సులో కిటికీ అద్దం ఎలా కొట్టుకుంటుందో, అచ్చం అలాగ. ఆ వెంటనే తోకలోంచి ఒక తెల్ల ముక్క విడిపోయి విడిగా ఎగురుకుంటూ పోయింది. విమానం పక్క మినప చేలో ముక్కు దిగేసింది. ఆ చేను రైతు మమ్మల్ని ఏమన్నాడో రేడియోలో చెప్పే మాట కాదు.

“మోటారు పోయింది మామయ్యా,” అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

మోటారు శుభ్రంగా ఉంది. బ్యాటరీ ఉంది. రిమోటు ఉంది. పోయింది తలుపు బందు. రూపాయి విలువ చేయని టేపు ముక్క.

ఆ రోజు సాయంత్రం మా వీధి వడ్రంగి మేస్త్రి దగ్గరికి ఎందుకో వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆయన రంపం పక్కన పెట్టి, “మాస్టారూ, మా తలుపుకైనా అంతేనండి. తిరిగేటప్పుడు తేలిగ్గా ఉండాల, నిలబడేటప్పుడు గట్టిగా ఉండాల. అదొచ్చిందంటే పనొచ్చినట్టే,” అన్నాడు. నేను ముప్పై ఏళ్ళు బల్ల మీద సుద్దముక్కతో చెప్పినదానికంటే ఇది బాగుంది. తిరగడంలో తేలిక. నిలవడంలో గట్టి. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ముందు ఈ పలకలు ఏం చేస్తాయో చూద్దాం. పడవకు చుక్కాని ఉంటుంది కదా. దాన్ని పక్కకు తిప్పితే నీళ్ళు దాన్ని తోస్తాయి, పడవ తిరుగుతుంది. విమానం తోకలో నిలువుగా ఉండే పలక అదే. దాన్ని రడ్డర్ అంటారు. తోకలో అడ్డంగా ఉండేది ఎలివేటర్. ఎలివేటర్ వెనక అంచు పైకి లేచిందనుకోండి. ఎదురుగా వచ్చే గాలి దాన్ని కిందికి తొక్కుతుంది. తోక దిగుతుంది. తోక దిగితే ముక్కు లేస్తుంది. మీలో పెద్దవాళ్ళు ఏతం చూసి ఉంటారు. మనిషి ఈ కొసన బరువు వేస్తే ఆ కొసన నీళ్ళ బాన లేస్తుంది. విమానమూ అంతే. రెక్కల చివర వెనకవైపు ఉండే పలకల జత ఎయిలరాన్లు. ఒకటి లేస్తే రెండోది దిగుతుంది. విమానం పక్కకు వాలుతుంది. ఎయిలరాన్ అంటే ఫ్రెంచి భాషలో చిన్న రెక్క.

అంటే విమానం ఎక్కడికి వెళ్ళాలో చెప్పేది మోటారు కాదు. మోటారు ముందుకు లాగుతుందంతే. దారి చెప్పేది ఈ పలకలు. పలక మీ మాట వినాలంటే దాని కీలు బాగుండాలి.

కీలు ఎక్కడ పెట్టాలి అన్నది కూడా చిన్న విషయం కాదు. 1903 డిసెంబర్ 17న అమెరికాలో కిట్టీ హాక్ దగ్గర రైట్ సోదరుల విమానం మొదటిసారి ఎగిరింది. నడిపినవాడు ఆర్విల్. గాలిలో ఉన్నది 12 సెకన్లు. వెళ్ళింది 120 అడుగులు. ఆ కాస్త దూరంలోనే విమానం ఎగిరెగిరి పడుతూ పోయింది. ఎందుకో తర్వాత ఆర్విలే చెప్పాడు. వాళ్ళ ఎలివేటర్ పలక విమానానికి ముందువైపు ఉండేది. దాని ఇరుసు దాదాపు పలక నడిమధ్యన ఉంది. అందుకని కొంచెం కదిపితే చాలు, అది తనంతట తానే ఇంకా తిరిగిపోయేది. ఇటు కదిపితే అటు మరీ ఎక్కువ, అటు కదిపితే ఇటు మరీ ఎక్కువ.

పాత బళ్ళలో గోడకు పైన వెంటిలేటర్ కిటికీలు ఉండేవి, గుర్తుందా? నడుమ ఇరుసు మీద తిరిగేవి. తాడు లాగితే తెరుచుకునేవి. పెద్ద గాలి వస్తే తాడు చేతిలో ఉన్నా మాట వినేవి కావు. గిర్రున తిరిగేవి. ఆర్విల్ అవస్థ అదే. అందుకే మన చిన్న విమానానికి కీలు పలక ముందంచునే పెడతాం. గుమ్మం తలుపు మాదిరి. అంచున కీలు ఉంటే, గాలి ఎప్పుడూ పలకను మధ్యకు తోస్తుంది. మీరు వదలగానే దారికొస్తుంది.

ఇక సరుకు సంగతి. గుళ్ళు గుళ్ళుగా ఉండే మామూలు థర్మాకోల్‌తో రెక్క చేసుకోవచ్చు గానీ, కదిలే పలకకు అది అంత మంచిది కాదు. అంచు రాలిపోతుంది. గుళ్ళు లేకుండా నున్నగా, సన్నగా ఉండే డెప్రాన్ షీటు దొరికితే తీసుకోండి. బొమ్మ విమానాల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. రెండు వైపులా కాగితం అంటించి ఉండే ఫోమ్ బోర్డు కూడా బాగుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు దీన్ని డాలర్ ట్రీ కొట్లలో తెచ్చుకుంటారు. బోర్డులు రాసేవాళ్ళు వాడే సన్‌బోర్డు మాత్రం తోకకు వద్దు. బరువు. విమానం తూకం నిలిచే చోటి నుంచి చూస్తే తోక ముక్కుకంటే దూరంగా ఉంటుంది కాబట్టి, అక్కడ ఒక గ్రాము పెరిగితే, తూకం నిలవడానికి ముక్కులో రెండు మూడు గ్రాములు వేయాల్సి వస్తుంది. కావిడి మోసినవాడికి ఈ లెక్క చెప్పక్కర్లేదు.

సరే, కీలు కడదాం. నెమ్మదిగా చెప్తాను. కాగితం, పెన్ను తెచ్చుకోకపోయినా ఫర్వాలేదు. కళ్ళు మూసుకుని ఊహించుకోండి చాలు.

తోక ముక్కను బల్ల మీద పెట్టండి. వెనక అంచు నుంచి లోపలికి నాలుగు సెంటీమీటర్ల దగ్గర ఒక గీత గీయండి. ఇనుప స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో ఆ గీత వెంట కోయండి. కొత్త బ్లేడు అని ఎందుకంటున్నానంటే, మొద్దు బ్లేడు థర్మాకోల్‌ను కోయదు, పీకుతుంది. ఇప్పుడు మీ చేతిలో రెండు ముక్కలు. పెద్దది కదలదు. చిన్నది కదులుతుంది. చిన్నదాన్నే మనం పలక అంటున్నాం.

రెండింటినీ పక్కపక్కన ఆనించి పెట్టి, పైన టేపు వేసి, పలకను కిందికి వంచాలని చూడండి. వంగదు. రెండు ఇటుకలు ఆనించి ఒకదాన్ని వంచబోతే అడుగు అంచులు ఎలా ఒరుసుకుంటాయో అలా ఒరుసుకుంటాయి. అందుకని పలక ముందంచును అడుగువైపు ఏటవాలుగా చెక్కేయాలి. ఎంత వాలు? 45 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు. చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి మడవండి. ఆ మడత చూపించే వాలే 45 డిగ్రీలు. బ్లేడుతో కాస్త ఎక్కువ వదిలి కోసి, చెక్క ముక్కకు ఉప్పు కాగితం చుట్టి మెల్లగా రుద్దండి. అంచు పైభాగం సన్నగా, తిన్నగా రావాలి. ఆ సన్నటి పై అంచే మన కీలు గీత. అది వంకరయితే తలుపు చట్రం వంకరయినట్టే. ఒకచోట పడుతుంది, ఒకచోట సందు వస్తుంది.

రుద్దిన తర్వాత పొడి ఉంటుంది. అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఆ పొడి మీదే టేపు వేసేస్తారు. టేపు పొడికి అంటుకుంటుంది, పలకకు కాదు. మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఇంకా ఓపిక ఉంటే, ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి రెండు అంచుల వెంట పలచగా పూసి, రాత్రంతా ఆరనివ్వండి. ఆరితే నున్నటి చర్మంలా అవుతుంది. దాని మీద టేపు బాగా పట్టుకుంటుంది. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు మాత్రం ఇక్కడ వాడకండి. అనుమానం ఉంటే పనికిరాని ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. అగరబత్తి నిప్పు తగిలినట్టు. స్ప్రే రంగులతోనూ ఇదే గొడవ. మా వాడు రెండో విమానానికి ఎర్ర స్ప్రే కొట్టాడు. రెక్క జల్లెడైంది.

ఇప్పుడు టేపు. ఏ టేపు? మామూలు సెల్లో టేపు మొదటి రోజు బాగానే ఉంటుంది. మన ఎండల్లో నాలుగు వారాలు పోయేసరికి పచ్చబడి, జిగురు కారి, వదిలేస్తుంది. పార్సిళ్ళకు వేసే వెడల్పాటి టేపు నయం. లోపల దారాలు పోగులు పోగులుగా కనిపించే టేపు ఒకటి వస్తుంది, పెద్ద పెట్టెలకు చుట్టేది. అది ఇంకా నయం, తెగదు. ఏదైనా సరే, ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల వెడల్పు చాలు.

రెండు ముక్కల్నీ బల్ల మీద పరిచి పెట్టండి. చెక్కిన వైపు కిందికి ఉండాలి. అంచులు తాకీ తాకనట్టు ఉండాలి. పైన కీలు గీత మీదుగా టేపు వేయండి. సగం ఇటు, సగం అటు. ఇక్కడ ఒక్కమాట. టేపును లాగి వేయకండి. లాగి వేస్తే అది మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. తెల్లారేసరికి పలక అప్పడంలా వంగి ఉంటుంది. వదులుగా పరిచి, మధ్యలో ముందు నొక్కి, అక్కణ్నుంచి రెండు కొసలకూ వెళ్ళండి. తర్వాత చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. మా వాడు అనుకున్నట్టే. కానీ టేపు స్వభావం చూడండి. గాయానికి వేసిన పట్టీని పొడుగునా లాగితే రాదు. అంచు పట్టుకుని పైకి పీకితే ఒక్క లాగులో వచ్చేస్తుంది. టేపు లాగుడికి గట్టి, పీకుడికి మెత్తన. గాలి చేసేది పీకడమే. పలక అటూ ఇటూ కదిలినప్పుడల్లా టేపు అంచును కొంచెం కొంచెం లేపుతుంది.

అందుకని రెండో టేపు. ఇదే ఈ పనిలో కిటుకు. జాగ్రత్తగా వినండి. పలకను పుస్తకం మూసినట్టు పైకి మడిచి, తోక ముక్క మీదకు పూర్తిగా పడుకోబెట్టండి. ఇప్పుడు కీలు గీత దగ్గర మొదటి టేపు వీపు కాదు, జిగురు వైపు సన్నటి గీతలా కనిపిస్తుంది. దాని మీద రెండో టేపు వేయండి. ఒక సగం పలక చెక్కిన వాలుకు, ఒక సగం తోక ముక్క వెనక అంచుకు అంటాలి. నడుమ రెండు టేపుల జిగుర్లూ ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇక రెండు వైపుల నుంచీ పట్టు. పైకి పీకితే లోపలి టేపు ఆపుతుంది. కిందికి పీకితే పై టేపు ఆపుతుంది. మళ్ళీ చెప్తాను. మొదటి టేపు పరిచి ఉన్నప్పుడు, పైన. రెండో టేపు మడిచి ఉన్నప్పుడు, లోపల. 

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. సందు మూసుకుపోతుంది. కాలవ తూముకు పలక దించినప్పుడు కింద వేలెడు సందు ఉంటే ఏమవుతుంది? నీళ్ళు అక్కణ్నుంచి జారిపోతాయి. పలక దించీ లాభం లేదు. గాలీ అంతే. పలకకు ఒక పక్క ఒత్తిడి ఎక్కువ, ఇంకో పక్క తక్కువ. కీలు దగ్గర సందు ఉంటే గాలి ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు దూరిపోతుంది. మీరు పలకను బాగా కదిపినా విమానం బద్ధకంగా తిరుగుతుంది.

కట్టడం అయింది. ఇప్పుడు పరీక్ష. మేస్త్రి మాటలోని మొదటి సగం, తిరగడంలో తేలిక. తోకను చేత్తో అడ్డంగా పట్టుకోండి. పలకను వేలితో లేపి వదలండి. తన బరువుకు తానే వాలిపోవాలి. వాలకుండా సగంలో నిలిచిందా? కీలు బిగువుగా ఉంది. నాలుగైదు సార్లు రెండు వైపులకూ మడిచి వదులు చేయండి. అప్పటికీ వాలకపోతే టేపు తీసి మళ్ళీ వేయండి. బాధగానే ఉంటుంది, తెలుసు.

బిగువుగా ఉంటే ఏమవుతుందంటారా? ఈ పలకలను కదిపేది సర్వో అనే చిన్న మోటారు. అగ్గిపెట్టె కంటే చిన్నది. తొమ్మిది గ్రాముల బరువు. అంత చిన్నదీ, ఇరుసు నుంచి సెంటీమీటరు దూరంలో కిలో పైచిలుకు బరువును లాగగలదు. కానీ వానాకాలంలో ఉబ్బిన తలుపును రోజంతా తోస్తూ కూర్చుంటే మీకెలా ఉంటుంది? దానికీ అలాగే ఉంటుంది. గుయ్యిమని మూలుగుతూ ఉంటుంది. బ్యాటరీ తాగేస్తుంది. వేడెక్కుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీరు రిమోటు మీద వేలు తీసేసినా పలక మధ్యకు తిరిగి రాదు. వెంట్రుకవాసి పైనే ఉండిపోతుంది. విమానం ఊరికే పైకి లేస్తూ ఉంటుంది. మీరు కిందికి దించుతారు. ఈసారి వెంట్రుకవాసి కిందే ఉండిపోతుంది. తప్పు మీ వేళ్ళదనుకుని బాధపడతారు.

ఇక రెండో సగం, నిలవడంలో గట్టి. ఇక్కడ కీలు ఒక్కటే చాలదు. సర్వో నుంచి పలకకు ఒక తీగె వెళ్తుంది. ఆ తీగె పట్టుకోవడానికి పలక మీద కొమ్ములాంటి ముక్క ఒకటి నిలబెడతాం. గడువు తీరిన ఏటీఎం కార్డును మూడు మూలలుగా కోస్తే మంచి కొమ్ము వస్తుంది. ముందు నంబర్లన్నీ గీకేయండి, అది వేరే సంగతి. కొమ్ముకు తీగె దూరేంత చిల్లు పెట్టాలి. ఆ చిల్లు కీలు గీతకు సరిగ్గా నెత్తి మీద ఉండాలి. ముందుకూ కాదు, వెనక్కీ కాదు. అలా ఉంటేనే పలక పైకి ఎంత కదిలితే కిందికీ అంతే కదులుతుంది.

చిల్లు తీగె మందమే ఉండాలి. ఒక మిల్లీమీటరు తీగెకు ఒక మిల్లీమీటరు చిల్లు. కాస్త పెద్దదైతే ఏం పోయిందిలే అనుకుంటాం. లెక్క వేయండి. చిల్లు కీలు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో ఉంది. పలక వెడల్పు నాలుగు సెంటీమీటర్లు. చిల్లు దగ్గర అర మిల్లీమీటరు లూజు ఉంటే, పలక వెనక అంచు దగ్గర అది రెండు మిల్లీమీటర్లవుతుంది. నాలుగింతలు! అదే చిల్లును రెండు సెంటీమీటర్ల ఎత్తుకు మారిస్తే, ఆ లూజు ఒక్క మిల్లీమీటరుకు తగ్గుతుంది. తలుపును బందు పక్కన చెయ్యి పెట్టి ఆపడం కష్టం. గొళ్ళెం పక్కన చెయ్యి పెడితే చంటిపిల్లాడైనా ఆపుతాడు. కొమ్ము చిల్లు ఎంత ఎత్తుంటే గొళ్ళెం వైపు అంత జరిగినట్టు. పలక కదలిక తగ్గుతుంది, పట్టు పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు కావలసిందీ అదే. మీటరు రెక్క విమానానికి ఎలివేటర్ పైకి ఒక సెంటీమీటరు, కిందికి ఒక సెంటీమీటరు కదిలితే మొదటి రోజులకు చాలు.

తీగె పొడుగైతే ఇంకో లూజు వస్తుంది. లాగినప్పుడు తీగె తిన్నగా ఉంటుంది. తోసినప్పుడు మధ్యలో విల్లులా వంగుతుంది. కొబ్బరి ఈనెను బల్లకు ఆనించి తోసి చూడండి, తెలుస్తుంది. మధ్యలో కూల్ డ్రింకు స్ట్రా ముక్కను విమానం ఒంటికి అతికించి, దానిలోంచి తీగెను పోనిస్తే వంగదు.

ఇప్పుడు ఆ బుర్ర్ మనే చప్పుడు సంగతి. లూజు ఉన్న పలకను గాలి ఒక పక్కకు తోస్తుంది. పలక మధ్యను దాటి అవతలికి పోతుంది. అవతలి గాలి మళ్ళీ ఇటు తోస్తుంది. ఊయల ఊపేవాడు సరిగ్గా అది వెనక్కి వచ్చినప్పుడే తోస్తే ఏమవుతుంది? ఊపు పెరుగుతుంది. ఇక్కడ ఊపేది గాలి. దానికి అలుపుండదు. దీన్ని ఫ్లటర్ అంటారు. నెమ్మదిగా ఎగిరినప్పుడు ఉండదు. ఒక వేగం దాటితే ఒక్కసారిగా మొదలవుతుంది. అందుకే అర నిమిషం చక్కగా ఎగిరిన విమానం, కిందికి దూకగానే తోక ఊడగొట్టుకుంది. గాల్లో ఆ చప్పుడు వినబడితే వెంటనే మోటారు తగ్గించండి. ముక్కు మెల్లగా లేపండి. వేగం తగ్గితే చప్పుడు ఆగుతుంది. దింపేసి, లూజు ఎక్కడో వెతకండి.

ఇది పిల్లల బొమ్మల జబ్బు మాత్రమే అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధం కాలంలో, 1916లో, ఇంగ్లండులో హ్యాండ్లీ పేజ్ అనే సంస్థ తయారుచేసిన పెద్ద బాంబర్ విమానానికి గాలిలో తోక భయంకరంగా వణికింది. లాంచెస్టర్ అనే ఇంజనీరు కారణం వెతికాడు. ఆ తోకలో ఎడమ ఎలివేటర్‌కు, కుడి ఎలివేటర్‌కు వేరువేరు తీగెలు. రెండింటినీ కలిపే కడ్డీ లేదు. ఒకటి లేస్తుంటే ఒకటి దిగేది. వాటితోపాటు విమానం ఒళ్ళంతా మెలి తిరిగేది. రెండు పలకలనూ ఒక గట్టి గొట్టంతో కలపడమే దానికి మందు. అంత పెద్ద విమానానికి!

మన విమానానికీ అదే మందు. ఎలివేటర్ రెండు ముక్కలుగా ఉంటే, రెండింటినీ కలిపి ఒక వెదురు పుల్ల అతికించండి. ఒకే కొమ్ము, ఒకే తీగె, రెండు పలకలూ కలిసి కదలాలి. వెలిగించి ఆర్పిన అగరబత్తి పుల్లలు మా ఇంట్లో ఇందుకే దాస్తాం. మా ఆవిడ దేవుడి గదిలో ఏరుకోవడం మీకు సిగ్గుగా లేదా అంటుంది. రెక్క మీది ఎయిలరాన్ సన్నగా, పొడుగ్గా ఉంటే, దానికీ పొడుగునా ఒక పుల్ల వేయండి. కొమ్మును ఒక కొసన కాకుండా నడుమ పెట్టండి. లేకపోతే ఈ కొస మీ మాట వింటుంది, ఆ కొస గాలి మాట వింటుంది.

ఫోమ్ బోర్డుతో చేసేవాళ్ళకు పని ఇంకా సులువు. ఒక వైపు కాగితాన్ని, లోపలి ఫోమ్‌ను కోసి, రెండో వైపు కాగితాన్ని కోయకుండా వదిలేయండి. ఆ కాగితమే కీలు. లోపల అంచు చెక్కుకుంటే చాలు. మంచులో తడిస్తే కాగితం నానుతుంది కాబట్టి, దాని మీదా ఒక టేపు వేయండి. మందపాటి రెక్కలకు టేపు కాకుండా, ప్లాస్టిక్ ఫైలు అట్టలోంచి వేలెడు ముక్కలు కోసి, చీలికల్లో దూర్చి అతికించేవాళ్ళూ ఉన్నారు. ఆ ముక్కలకు నాలుగు చిల్లులు పెట్టి, ఉప్పు కాగితంతో గరుకు చేస్తేనే జిగురు పడుతుంది. పాత ఫ్లాపీ డిస్కులు ఇంట్లో మిగిలి ఉంటే వాటి లోపలి పల్చటి బిళ్ళ ఈ పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇన్నాళ్ళకు వాటికో ఉపయోగం.

చేలోకి వెళ్ళాక, ఎగరేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. విమానం వెనక నిలబడండి. రిమోటు పుల్లను మీ వైపు లాగండి. ఎలివేటర్ పైకి లేవాలి. కుడికి నెట్టండి. కుడి ఎయిలరాన్ పైకి, ఎడమది కిందికి పోవాలి. తిరకాసుగా కదిలితే రిమోటులోనే సరిచేసుకోవచ్చు. నేను ఒకసారి ఇది చూడకుండా ఎగరేశాను. లేపుదామనుకుంటే దిగింది. ఫిజిక్సు మాస్టారు!

విమానాశ్రయాల దరిదాపుల్లో ఎగరేయకండి. మన దేశంలో 2021 నుంచి డ్రోన్ నియమాలున్నాయి. రిమోటు బొమ్మ విమానాలూ వాటి కిందికే వస్తాయి. మీ ఊరు ఏ రంగు మండలంలో ఉందో డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోండి. ఆకుపచ్చ మండలంలో కూడా 120 మీటర్ల ఎత్తు దాటకూడదు. బరువు 250 గ్రాములు దాటకపోతే చిక్కులు తక్కువ. జనం, పశువులు లేని చోటు చూసుకోండి.

మా మేనల్లుడి మూడో విమానం ఇప్పటికీ ఎగురుతోంది. తోకలో టేపు ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి మారుస్తాడు. వాడు ఎగరేసే ముందు చేసే పని ఒకటుంది. నాకు భలే ఇష్టం. విమానాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తోక పలకను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా ఆడిస్తాడు. టిక్ టిక్ మని ఏ మాత్రం చప్పుడొచ్చినా, ఎంత దూరం నడిచి వచ్చినా సరే, ఆ పొద్దుటికి ఎగరేయడు. విమానం చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేస్తాడు. దారిలో ఆ మినప చేను రైతు, “ఇయ్యాల లేదా బాబూ?” అని అడుగుతూ ఉంటాడు.